పులి మీద ఉప్మా రవ్వ

మొన్నామధ్య ఒక ఆదివారం మా మేనల్లుడు నన్ను ఫొటోల ప్రదర్శనకి లాక్కుపోయాడు. అన్నీ అడవి జంతువుల ఫొటోలు. మావారు మోకాళ్ల నొప్పి నెపం పెట్టి తప్పించుకున్నారు. "పులిని చూడమంటే అడవికైనా వస్తాను గాని, పులి ఫొటో చూడ్డానికి రెండు బస్సులు మారడం నా వల్ల కాదు" అన్నారు. మోకాళ్ల నొప్పితో అడవికెలా వస్తారని నేనడగలేదు. ముప్ఫయ్యేళ్ల కాపురంలో కొన్ని ప్రశ్నలు అడక్కుండా ఉండడం నేర్చుకున్నాను.

హాలు చల్లగా, పరీక్ష జరుగుతున్న బడిలా నిశ్శబ్దంగా ఉంది. మావాడు మొదటి బొమ్మ దగ్గర ఆగాడు. సాయంత్రపు మసక వెలుతుర్లో నీళ్లు తాగుతున్న పులి. వాడు రెండడుగులు ముందుకి వేసి, ముక్కు ఆనించేటంత దగ్గరగా చూసి, పెదవి విరిచి, "నాయిస్ ఎక్కువగా ఉందత్తయ్యా" అన్నాడు.

నేను చుట్టూ చూశాను. ఎక్కడా కిక్కురుమనే ప్రాణి లేదు. "ఏం నాయిసురా? నాకేం వినపడ్డం లేదే!" అన్నాను. పక్కనున్న ఇద్దరు కుర్రాళ్లు నవ్వాపుకోవడానికి గోడవైపు తిరిగారు.

ఫొటోల భాషలో నాయిస్ అంటే చెవికి వినిపించేది కాదట, కంటికి కనిపించేదట. మావాడు వేలు పెట్టి చూపించాడు. నిజమే! పులి కడుపు కింద నీడలో, వెనకాల పొదల చీకట్లో, ఎవరో గుప్పెడు ఉప్మా రవ్వ చల్లినట్టు గరుగ్గా ఉంది. అక్కడక్కడా ఎర్రటి నలకలూ, పచ్చటి నలకలూ. నేను మళ్లీ రెండడుగులు వెనక్కి వచ్చి చూశాను. రవ్వ లేదు. పులి ఉంది. నాలుక నీళ్లని తాకిన చోట ఒక వలయం లేచింది. చెవులు మాత్రం వెనక్కి తిరిగి ఉన్నాయి, వెనకనుంచి ఏదో వస్తోందన్నట్టు.

"ఎంత బాగుందిరా!" అన్నాను.

"బాగానే ఉంది కాని, ఐ.ఎస్.ఓ. 12800. రవ్వ పట్టేసింది" అన్నాడు వాడు, పురుగు పట్టిన కందిపప్పు గురించి చెప్పినట్టు.

ఆ తర్వాత గంటసేపు గమనించాను. హాల్లోకి వచ్చిన వాళ్లలో సగంమంది ముందు బొమ్మ చూడ్డం లేదు. కింద అంటించిన చీటీ చదువుతున్నారు. షట్టరు ఇంత, లెన్సు కన్ను ఇంత, ఐ.ఎస్.ఓ. ఇంత. అది చదివి, బొమ్మకి ముక్కు ఆనించి, రవ్వ కోసం వెతికి, తల పంకించి ముందుకి పోతున్నారు. పెళ్లిచూపుల్లో పిల్ల మొహం చూడకుండా జాతకం చూసి లేచిపోయే పెద్దమనుషుల్లా ఉన్నారు. ఇదేం విడ్డూరమో కనుక్కుందామని ఇంటికి వచ్చాక మావాణ్ని కూర్చోబెట్టి, పెసరట్టు పెట్టి, ప్రశ్నలు వేశాను. ఇప్పుడు రాసేదంతా ఆ పెసరట్ల ఫలితమే.

ఐ.ఎస్.ఓ. అనేది అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పేరు. పూర్వం ఫిల్ము వేగానికి అమెరికా వాళ్లది ఏ.ఎస్.ఏ. అని ఒక లెక్క, జర్మనీ వాళ్లది డిన్ అని ఇంకో లెక్క ఉండేవి. 1974 నుంచి రెంటినీ కలిపి ఒకే పద్దు కింద రాయడం మొదలుపెట్టారు. 100 రకం ఫిల్ముకి కావలసిన వెలుతురులో సగం ఉంటే చాలు 200 రకానికి. 400కి నాలుగో వంతు చాలు. వేగం పెరిగిన కొద్దీ ఫిల్ములోని వెండి రేణువులు ముతకబడేవి. దాన్ని అప్పట్లో గ్రెయిన్ అనేవారు. అంటే గింజ, మన భాషలో రవ్వే! ఈనాటి డిజిటల్ కెమెరాలో ఫిల్ము లేదు, వెండీ లేదు. పాత అంకెలు మాత్రం పాత ఇంటిపేరులా మిగిలిపోయాయి.

కాని పని వేరు. డిజిటల్ కెమెరాలో ఐ.ఎస్.ఓ. పెంచితే కెమెరా కంటికి చూపు పెరగదు. పడిన వెలుతురుని పెద్దది చేసి చూపిస్తుందంతే. రేడియో సిలోను రోజులు తెలిసిన వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. దూరపు స్టేషను పాట సన్నగా వస్తోందని వాల్యూమ్ మీట తిప్పేవాళ్లం. పాట పెరిగేది, దానితో పాటు గరగరా పెరిగేది. గరగర మీట పుట్టించింది కాదు. స్టేషను దూరం, గాలిలో పాట పల్చన. మనం మీటని తిట్టేవాళ్లం! ఇప్పుడు ఫొటోల వాళ్లు ఐ.ఎస్.ఓ.ని తిడుతున్నారు.

మరి అసలు రవ్వ ఎక్కడిది? దీనికి మావాడు లెక్కలేవో చెప్పబోయాడు. నాకు అర్థమైనట్టు నేను చెబుతాను. వడియాలు పెట్టడానికి మేడ మీద పాత చీర పరిచారనుకోండి. నాలుగు చినుకులు రాలాయి. చీర మీద ఒక జానెడు చోట పది చుక్కలు, పక్క జానెడులో ఆరే, ఆ పక్కన పదమూడు. ఎవరూ పక్షపాతం చూపించలేదు, చినుకు స్వభావం అంత. అదే కుండపోతగా కురిసిందనుకోండి, చీరంతా ఒక్క తీరున తడిసిపోతుంది. వెలుతురు కూడా చినుకుల్లాగే కణాలుగా రాలుతుంది. కెమెరా లోపలి సెన్సర్ మీద ఒక్కొక్క గడిలో సగటున 10,000 కాంతి కణాలు పడేచోట అటూ ఇటూ 100 తేడా వస్తుంది. అంటే నూరో వంతు, కంటికి ఆనదు. సగటున 100 మాత్రమే పడేచోట తేడా 10. అంటే పదోవంతు! అది రవ్వలా కనిపిస్తుంది. యంత్రం కూడా తన వంతుగా కొంత గరుకు కలుపుతుంది గాని, ఇప్పటి కెమెరాల్లో పెద్ద వాటా చినుకులదే.

కాబట్టి రవ్వ అంటే మురికి కాదు. ఆ క్షణంలో అడవిలో వెలుతురు ఎంత తక్కువగా ఉందో చెప్పే సాక్ష్యం. ఈ ఒక్క మాట పట్టుకుంటే మనం ఆ ప్రదర్శనని ఇంకోరకంగా చూడొచ్చు.

పెళ్లి ఫొటోలు తీసేవాడికి దీపాలుంటాయి. "ఇలా చూడమ్మా, కాస్త నవ్వమ్మా" అనే వీలుంటుంది. చిరుతపులికి ఆ మాట చెప్పి చూడండి! అడవిలో చాలా జంతువులు సందెవేళా, తెల్లవారుజామునా, రాత్రీ బయటికొస్తాయి. నిండు పున్నమి వెన్నెలంటే మనకెంత వెలుగో! కాని అది పట్టపగటి ఎండలో సుమారు నాలుగు లక్షల వంతు మాత్రమే. పైగా పరిగెత్తే జంతువు చెదరకుండా పడాలంటే షట్టరు సెకనులో వెయ్యోవంతు మాత్రమే తెరుచుకోవాలి. ఆ రెప్పపాటులో పడేదెన్ని చినుకులు?

వెలుతురు ఎక్కువ పట్టాలంటే లెన్సు కన్ను పెద్దదిగా ఉండాలి. ఇక్కడ డబ్బు సంగతి వస్తుంది. దూరపు జంతువుని దగ్గరగా చూపించే 600 మిల్లీమీటర్ల లెన్సులో ఎఫ్ 4 అనే రకం ఉంది. బరువు మూడు కిలోల పైమాట, మనదేశంలో ధర పది లక్షల పైమాట. సామాన్యులు కొనుక్కునేది ఎఫ్ 6.3 రకం. పెద్ద లెన్సు దీనికంటే సుమారు రెండున్నర రెట్ల వెలుతురు లోపలికి పంపిస్తుంది. అంటే ఒకే పులిని, ఒకే సందెవేళ, పక్కపక్కన నిలబడి తీస్తే, ఉన్నవాడు 2500 దగ్గర తీసేది లేనివాడు 6400 దగ్గర తీయాలి. సెన్సర్ కూడా అంతే. ఖరీదైన కెమెరాలో అది 36 మిల్లీమీటర్లకి 24. చవక రకంలో దాని వైశాల్యం అందులో సగం కూడా ఉండదు. చిన్న గిన్నెలో చినుకులు తక్కువే పడతాయి మరి.

"నాయిస్ ఉంది" అని పెదవి విరిచే పరీక్షకుడు, తెలిసో తెలియకో, కొంతవరకూ జేబు చూసి మార్కులు వేస్తున్నాడన్నమాట. సంగీత పోటీలో తంబురా ఖరీదు చూసి బహుమతి ఇస్తే మనం ఊరుకుంటామా?

ఈ పట్టింపు మొదటినుంచీ ఉన్నది కూడా కాదు. అమెరికాలో జార్జ్ షైరస్ అనే ఆయన రాత్రివేళ పడవలో పోతూ, మందు గుప్పున మండించి ఆ వెలుగులో జింకల్ని ఫొటో తీసేవారు. 1906 జూలైలో నేషనల్ జాగ్రఫిక్ పత్రిక ఆయన ఫొటోలు 74 ఒకే సంచికలో వేసింది. మనదేశంలో అటవీ శాఖలో పనిచేసిన ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్, పులి నడిచే దారిలో తీగ కట్టి, పులే తన కాలితో తన ఫొటో తీసుకునేలా ఏర్పాటు చేశారు. ఆయన పుస్తకం 'విత్ ఎ కెమెరా ఇన్ టైగర్ లాండ్' 1927లో వచ్చింది. తుపాకీ చేతపట్టి పులి మీద కాలుపెట్టి ఫొటో దిగడం గొప్పగా ఉన్న రోజుల్లో, బతికున్న పులిని ఫొటోలో చూపించిన మనిషాయన. ఆ బొమ్మల్లో రవ్వ ఎంతని ఆనాడెవరు కొలిచారు?

ఆ తర్వాత మద్రాసులో ఎం. కృష్ణన్ గారు, తమిళ రచయిత మాధవయ్య గారి అబ్బాయి, అడవి ఏనుగుల్ని ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే తీశారు. స్టేట్స్‌మన్ పత్రికలో 1950 నుంచి 1996లో కన్నుమూసేదాకా ప్రకృతి గురించి రాస్తూనే ఉన్నారు. ఆయన ఏనుగులు ఇప్పటి కొలతల్లో తళతళలాడవు. కాని మందలో ఏ ఆడ ఏనుగు ఏ పిల్లని వెనకేసుకొస్తోందో ఆ బొమ్మల్లో చదువుకోవచ్చు. రంగుల్లో తీసేవాళ్లు కొడాక్రోమ్ 64 లాంటి నెమ్మది ఫిల్ముతో ఎండకోసం కాచుక్కూర్చునేవారు. పొద్దు వాలితే కెమెరా సంచిలో పెట్టేసుకోవడమే.

2007లో నికాన్ వాళ్ల డి3 కెమెరా వచ్చింది. మామూలుగానే 6400 దాకా, కావాలంటే 25,600 దాకా. 2016లో వచ్చిన డి5లో ఆఖరి అంకె 32,80,000. ఇది లాటరీ టికెట్టు నంబరు కాదు, ఐ.ఎస్.ఓ.! అక్కడ తీసిన బొమ్మ చూడ్డానికి దుమ్ము తుఫానులా ఉంటుందనుకోండి, అది వేరే విషయం. ఇందులో నిజమైన మేలు ఒకటుంది. జంతువు కళ్లలోకి భగ్గుమని దీపం కొట్టే అవసరం తగ్గింది. వెలుతురు లేని వేళ దాన్ని దాని మానాన బతకనిచ్చి ఫొటో తీసుకోవచ్చు. షైరస్ గారి జింకలకి ఆ అదృష్టం లేకపోయింది. రవ్వని భరించడం నేర్చుకోవడమంటే జంతువుని బాధపెట్టకపోవడం కూడా అని నాకు తోస్తుంది.

సరే, ఇక ప్రదర్శనలోకి వద్దాం. మూడు బొమ్మల గురించి చెప్పి తీరాలి.

మొదటి బహుమతి లకుముకి పిట్టకి వచ్చింది. ముక్కున చేప, చుట్టూ ముత్యాల్లాంటి నీటి బొట్లు, వెనకాల పట్టుచీర పరిచినట్టు నున్నటి ఆకుపచ్చ. ఒక్క నలక లేదు. ఎంత శుభ్రంగా ఉందంటే, అందులో ఊపిరి పీల్చుకోవడానికి చోటు లేదు. ఈ పిట్టని నేను కిందటేడు మందుల కొట్టు క్యాలెండరులో చూశాననిపించింది. అదే కాదులెండి, అలాంటిదే. తీసినాయన శ్రమని తక్కువ చేయడం లేదు. రోజుల తరబడి నీటి ఒడ్డున కూర్చుని ఉంటారు. కాని ఆ బొమ్మ నాకు కొత్తగా ఏమీ చెప్పలేదు.

రెండోది రాత్రిపూట బండమీద చిరుతపులి. చీకట్లో తీసినదే గాని రవ్వ లేదు. కంప్యూటర్లో తుడిచేశారట. ఈ మధ్య దానికి కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. 2023లో లైట్‌రూమ్‌లోనే అలాంటి మీట పెట్టారు. రవ్వ ఉన్న బొమ్మలూ లేని బొమ్మలూ కుప్పలుగా చూసి నేర్చుకుని, ఇక్కడ ఏముండాలో ఊహించి నింపుతుందట. చాలాసార్లు బాగానే నింపుతుంది. కాని ఈ చిరుత మైనం బొమ్మలా తేలింది. ఒకవైపు మీసాలు సూదుల్లా ఉన్నాయి. రెండోవైపు మీసాలు బుగ్గలో కలిసిపోయాయి. బండమీది నాచు గోడకి వేసిన రంగులా ఉంది. తుడిచే చెయ్యి ఎక్కడ ఆగాలో తెలుసుకోలేదు. మనం బియ్యం చెరిగేటప్పుడు చూడండి. ఊక పోవాలి, నూకలైనా మిగలాలి. కోపంగా చెరిగితే చేటలో మిగిలేదేముంది?

మూడోది మూలగా, తలుపు పక్కన వేలాడదీశారు. సందెచీకట్లో ఎలుగుబంటి. వీపుమీద రెండు పిల్లలు. ఎలుగుబంటి తల్లి పిల్లల్ని అలా వీపున మోస్తుంది. నల్లటి చీకట్లో నల్లటి తల్లి, దాని మీద నల్లటి పిల్లలు, రవ్వ మాత్రం తెల్లగా! ఒక పిల్ల తల్లి జూలులో మొహం దాచుకుంది. రెండోది వెనక్కి తిరిగి చూస్తోంది. తల్లి నడక ఆపలేదు. సంతలో చంకనొకణ్ని, చేతనొకణ్ని వేసుకుని చీకటి పడకుండా ఇల్లు చేరాలని నడిచే ఆడమనిషి నాకు గుర్తొచ్చింది. తీసింది ఒక అమ్మాయి. అక్కడే నిలబడి ఉంది. "రవ్వ ఎక్కువుందని అందరూ అంటున్నారండీ" అంది, తన తప్పేదో ఒప్పుకుంటున్నట్టు. "లెన్సు అద్దెది, ఆ సాయంత్రంతో గడువైపోయింది. తుడిచి చూశాను గాని, వెనక్కి చూసే పిల్ల కన్ను కూడా పోయింది. అందుకని అలాగే ఉంచేశాను."

ఆ 'అలాగే ఉంచేశాను' అన్న మాటకి నేను బహుమతి ఇస్తాను. కన్ను పోతే బొమ్మలో ఇంకేముంది?

2020లో ఐశ్వర్యా శ్రీధర్ అనే మన దేశపు అమ్మాయికి లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల వన్యప్రాణి ఫొటోల పోటీలో ప్రశంస వచ్చింది. ఆమె తీసింది పశ్చిమ కనుమల్లో ఒక చెట్టునిండా వాలిన మిణుగురులు. ఆలోచించండి. మిణుగురూ చీకట్లో ఒక చుక్కే, రవ్వా ఒక చుక్కే. ఏది ఏదో తెలియని తుడుపుగుడ్డ చేతికిస్తే ఏమవుతుంది? అదే పోటీలో 2009లో గేటు దూకుతున్న తోడేలుకి ఇచ్చిన పెద్ద బహుమతిని తర్వాత వెనక్కి తీసుకున్నారు, అది పెంపుడు తోడేలని తేల్చి. 2017లో ఒక చీమలు తినే జంతువు బొమ్మకి ఇచ్చినదీ 2018లో వెనక్కి పోయింది, అది కూరి నిలబెట్టిన బొమ్మ జంతువని నిపుణులు తేల్చారు. రవ్వ ఉందని తీసేయలేదు సుమండీ. నిజం కాదని తీసేశారు.

ఇది ఫొటోల వాళ్ల గొడవ, మనకెందుకంటారేమో. నాకెందుకో చెబుతాను.

మా అమ్మది మా ఇంట్లో ఒకే ఒక్క ఫొటో ఉంది. సుమారు 1968లో, సాయంత్రంపూట వరండాలో, నాన్నగారి స్నేహితులొకరు డబ్బా కెమెరాతో ఇంటిల్లిపాదినీ నిలబెట్టి తీసినది. అందులో అమ్మ మొహం చింతగింజంత. దాన్ని పెద్దది చేయించి పటం కట్టించాం. రవ్వంటే రవ్వ కాదు, గోధుమ నూక! కిందటి సంక్రాంతికి మా మేనల్లుడు, వాళ్ల నాయనమ్మే కదా, ఆ ఫొటోని కంప్యూటర్లో శుభ్రం చేసి, కొత్త పటం కట్టించి తెచ్చిచ్చాడు. వాడి ప్రేమకి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నున్నటి మొహం, మెరిసే కళ్లు. గోడకి తగిలించాం. మూడు రోజులు పోయాక మా అన్నయ్య వచ్చాడు. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "ఎవరీవిడ?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, మూడు రోజులుగా ఏం వెలితిగా ఉందో. అమ్మ ఎడమ బుగ్గమీద చిన్నప్పటి మశూచి మచ్చ ఉండేది. జ్వరమొచ్చి ఆవిడ ఒళ్లో పడుకుంటే నా వేలు దానిమీదే ఉండేదట. కంప్యూటరు దాన్ని రవ్వ అనుకుంది. తుడిచేసింది.

ఆ మచ్చ పోతే నష్టం మా ఇంటిది. పులి ఒంటిమీది చార పోతే నష్టం ఇంకా పెద్దది. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవు. ఒకే పులికి కుడివైపు చారలు వేరు, ఎడమవైపు వేరు. ఆ చారలు పట్టుకుని పులుల్ని లెక్కపెట్టే శాస్త్రీయ పద్ధతిని కె. ఉల్లాస కారంత్ గారు 1990ల్లో కర్ణాటక అడవుల్లో చేసి చూపించారు. 2018 నాటి దేశవ్యాప్త పులుల లెక్కలో 26,838 చోట్ల చెట్లకి కెమెరాలు కట్టారు. వచ్చిన ఫొటోలు 3,48,58,623. అందులో పులులవి 76,651. చారలు పోల్చి చూస్తే, పిల్లలు కాక, 2,461 పులులని తేలింది. గిన్నిస్ బుక్కులోకి ఎక్కిన లెక్క ఇది. ఆ ఫొటోల్లో చాలావాటికి ఏ ప్రదర్శనలోనూ గోడ దొరకదు. సగం తోక, వంకర చూపు, మసక. కాని చార ఉన్నది ఉన్నట్టుంది. అదే కావాలి. అందంగా ఊహించిన చార ఒక్కటి చేరినా, లేని పులి పుట్టుకొస్తుంది, ఉన్న పులి మాయమవుతుంది.

మన కడప జిల్లాలో కలివి కోడి కథా ఇలాంటిదే. 1848లో డాక్టర్ జెర్డాన్ దాన్ని ప్రపంచానికి చెప్పారు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో లంకమల ప్రాంతపు ముళ్లపొదల్లో మళ్లీ దొరికింది. ముందుగా పట్టి చూపించింది అక్కడి స్థానికుడే. అది రాత్రి తిరిగే పక్షి. పగలు కనిపించదు. అందుకని శాస్త్రజ్ఞులు ఇసుక పరిచి కాలిముద్రలు చూశారు, పొదల్లో కెమెరాలు పెట్టారు. ఆ పక్షి అక్కడ ఉందని రుజువవడం వల్లే దాని చోటు మీదుగా పోవలసిన తెలుగు గంగ కాలువ దారి మార్చారు. ఆ చీకటి పక్షి ఫొటో చూసి ఎవరైనా "నాయిస్ ఉంది" అని పెదవి విరిస్తే, లంకమల రాళ్లు కూడా నవ్వుతాయి.

ఇదంతా చెప్పాక మావాడు ఊరుకుంటాడా! "అయితే అత్తయ్యా, వెలుతురున్నప్పుడు బద్ధకించి, చీకటిపడ్డాక తీసి, రవ్వే కళ అంటే ఒప్పుకుంటావా?" అన్నాడు. ఒప్పుకోను. అన్నం మాడ్చి 'మాడు వాసనే రుచి' అంటే మావారు ఒప్పుకుంటారా? భయపడి మీట తక్కువలో పెట్టి, బొమ్మ చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్లో వెలిగించుకుంటే రవ్వ తగ్గదనీ, ఒక్కోసారి పెరుగుతుందనీ వాడే చెప్పాడు. జంతువుకి ఇబ్బంది లేనంతవరకూ దగ్గరికి వెళ్లగలిగీ వెళ్లకుండా, దూరంనుంచి తీసి, మధ్య ముక్క కత్తిరించి పెద్దది చేస్తే ఆ రవ్వ సోమరితనం రవ్వ. రంగు నలకలు కాస్త తుడిస్తే నష్టమేమీ లేదు. కాటుక చెదిరితే కొంగుతో అద్దుకోమా? అద్దుకోవడం వేరు, కనుబొమ్మ గొరిగేసి కొత్తది గీసుకోవడం వేరు.

కాబట్టి ఇకమీదట అలాంటి ప్రదర్శనకి వెళ్తే మనం చేయవలసింది నాకు తోచినంతలో ఇది. చీటీ ఆఖర్న చదవండి. బొమ్మని బొమ్మ దూరంలో నిలబడి చూడండి. ముక్కు ఆనించి చూడవలసింది బియ్యంలో రాళ్లని. ముందు 'ఏం జరుగుతోంది?' అని అడగండి. ఆ తర్వాత, 'ఆ వేళ అక్కడ వెలుతురెంత?' అని. ఈ రెండింటికీ బొమ్మ జవాబు చెబితే రవ్వ దాని పాటికి అదే సర్దుకుంటుంది. చెప్పకపోతే ఎంత నున్నగా ఉన్నా క్యాలెండరే.

మొన్న శనివారం మావాడు మళ్లీ వచ్చాడు, చేతిలో కాగితం చుట్టిన పటంతో. విప్పి చూశాను. అమ్మ. పాత ఫొటోనే, గీతలు మాత్రం తీసేశాడు. రవ్వంతా అలాగే ఉంది, మచ్చతో సహా. "ఇదొక్కటీ ముట్టుకోలేదత్తయ్యా" అన్నాడు.

మావారు కళ్లజోడు లేకుండానే, గది అవతలి నుంచి చూసి, "ఆఁ, ఇప్పుడు మా అత్తగారిలా ఉన్నారు" అన్నారు. అంటూనే మోకాళ్ల నొప్పి మాట మరిచిపోయి, స్టూలెక్కి మేకు కొట్టారు.